ఎమర్జెన్సీలో మమ్మల్ని చూసింది డాక్టరా, నర్సా?

పోయిన నెల ఈ పేజీలో కుట్లు పడ్డాక తడి తగలకుండా ఎలా చూసుకోవాలో రాస్తూ మధ్యలో "నేను బ్రిటన్‌లో నర్స్ ప్రాక్టీషనర్‌గా ఉన్నప్పుడు" అని ఒక్క మాట అన్నాను, అంతే, ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగం ఆ ఒక్క మాట మీదే. నర్సేంటి ప్రాక్టీస్ ఏంటి అని కొందరు, మా పిల్లని అక్కడ నర్సే చూసి పంపేసింది అని కొందరు, మేం ఇక్కడ చేస్తున్నది అదే కదా అక్కా అని మన సిస్టర్లు. అందుకే ఈసారి పేజీ మొత్తం దీనికే ఇచ్చేస్తున్నా. కొత్తగా చదివేవాళ్లకి నా సంగతి చెప్పాలంటే 11 ఏళ్లు హైదరాబాద్ క్యాజువాలిటీల్లో చేశాను, తర్వాత 9 ఏళ్లు బ్రిటన్‌లో, ఇప్పుడు మళ్లీ ఇక్కడికే వచ్చి నర్సింగ్ పిల్లలకి పాఠాలు చెప్పుకుంటున్నాను.

ప్రశ్న: మా అమ్మాయి డాలస్‌లో ఉంటుంది. పది రోజుల కింద మెట్ల మీద జారి కాలు మడతపడింది, చీలమండ దగ్గర బత్తాయికాయంత వాచింది. ఎమర్జెన్సీకి వెళ్తే "నేను నర్స్ ప్రాక్టీషనర్ని" అని ఒకావిడ వచ్చి కాలు అటూ ఇటూ నొక్కి చూసి, నడిపించి, ఎక్స్‌రే కూడా తీయకుండా కట్టు కట్టి పంపేసిందంట. డాక్టర్ ముఖమే కనపడలేదంట. అంత డబ్బు కట్టి నర్సుతో చూపించుకోవడం ఏంటమ్మా? ఎముక విరిగి ఉంటే ఎవరు జవాబు చెప్తారు? - ఒక తల్లి, కూకట్‌పల్లి

జవాబు: అమ్మా, పిల్ల అంత దూరంలో కాలు వాచి కూర్చుంటే మీకు నిద్ర ఎలా పడుతుంది, మీ భయం నాకు అర్థమైంది. ముందు ఆ ఎక్స్‌రే సంగతి చెప్తా, ఎందుకంటే మీకు నిర్లక్ష్యం లాగా కనపడింది నిజానికి చదువు. కెనడాలో ఒటావా అనే ఊళ్లో 1992లో డాక్టర్లు చీలమండ దెబ్బలకి కొన్ని రూల్స్ తయారుచేశారు, ఇప్పుడు ప్రపంచమంతా ఎమర్జెన్సీల్లో అవే వాడతారు. చీలమండకి లోపలా బయటా ఉబ్బెత్తుగా రెండు ఎముకలు ఉంటాయి చూడండి, వాటి వెనక అంచు మీద కింది నుంచి 6 సెంటీమీటర్ల దాకా వేలితో నొక్కుకుంటూ వస్తారు, కొసలు కూడా నొక్కుతారు, తర్వాత పాదం బయటి వైపు చిటికెన వేలి ఎముక మొదలయ్యే చోట, లోపలి వైపు మధ్యలో ఇంకో ఎముక దగ్గర. సరిగ్గా ఎముక మీదే నొప్పి ఉంటే ఎక్స్‌రే. దెబ్బ తగిలినప్పుడూ ఆసుపత్రికి వచ్చాకా కూడా 4 అడుగులు వేయలేకపోతే ఎక్స్‌రే. ఇవేవీ లేకపోతే ఎముక విరిగి ఉండే అవకాశం చాలా చాలా తక్కువ, అనవసరంగా రేడియేషన్ ఎందుకు, బిల్లు ఎందుకు అని తీయరు. వాపు ఎంత ఉందన్నది లెక్క కాదు, నరం లాగిన బెణుక్కి కూడా బత్తాయంత వాపు వస్తుంది. ఆవిడ నొక్కి చూసింది, నడిపించింది అని మీరే రాశారు కదా, ఆవిడ చేసింది ఆ పరీక్షే.

ఇక ఆవిడ ఎవరు అన్నది. మన దగ్గర నర్స్ అనగానే ఇంజెక్షన్ చేసే సిస్టర్ గుర్తొస్తుంది, అక్కడ నర్స్ ప్రాక్టీషనర్ అంటే ముందు నాలుగేళ్ల నర్సింగ్ డిగ్రీ, లైసెన్స్ పరీక్ష, ఎక్కువమందికి కొన్నేళ్ల వార్డు అనుభవం, ఆ పైన మాస్టర్స్ గానీ డాక్టరేట్ గానీ, మళ్లీ జాతీయ స్థాయి బోర్డు పరీక్ష, అదయ్యాక రాష్ట్రం ఇచ్చే లైసెన్స్. పేషెంట్‌ని పరీక్ష చేయొచ్చు, జబ్బేంటో తేల్చొచ్చు, ఎక్స్‌రేలూ రక్త పరీక్షలూ రాయొచ్చు, మందులు రాయొచ్చు. ఇది నిన్నా మొన్నా పుట్టింది కాదు, 1965లో కొలరాడో యూనివర్సిటీలో లొరెటా ఫోర్డ్ అనే నర్సు, హెన్రీ సిల్వర్ అనే పిల్లల డాక్టరు కలిసి మొదలుపెట్టారు, డాక్టర్లు దొరకని పల్లెల్లో పిల్లల్ని ఎవరు చూస్తారు అన్న బాధలోంచి వచ్చిన ఆలోచన. ఆ ఫోర్డమ్మ 104 ఏళ్లు బతికి 2025లోనే పోయింది, నర్సులం మేం ఆవిడని తల్చుకోని రోజుండదు. ఇప్పుడు అమెరికాలో సగానికి పైగా రాష్ట్రాల్లో ఎన్‌పీలు, అంటే ఈ నర్స్ ప్రాక్టీషనర్లు, డాక్టరు సంతకం లేకుండా సొంతంగా చూడొచ్చు, మీ అమ్మాయి ఉండే టెక్సాస్‌లో మాత్రం డాక్టరుతో ఒప్పందం ఉండాలి, అంటే ఆవిడ వెనకాల డాక్టర్ ఉన్నట్టే, మీ అమ్మాయికి కనపడలేదంతే. 1986 నుంచి అక్కడ ఒక చట్టం ఉంది, ఎమర్జెన్సీ గుమ్మం తొక్కిన ఎవరినైనా డబ్బు ఉందా లేదా అనకుండా ముందు పరీక్ష చేయాల్సిందే, ఆ పరీక్ష చేయడానికి ఎవరికి అర్హత ఉందో ఆసుపత్రి రాతపూర్వకంగా నిర్ణయించాలి. కాబట్టి జవాబు ఎవరు చెప్తారు అంటే ఆవిడే చెప్తుంది, తన లైసెన్స్ మీద. నాకు ఈ పద్ధతిలో బాగా నచ్చేది అదే, చేసిన మనిషి పేరు కాగితం మీద ఉంటుంది.

వారం దాటినా కాలు మోపలేకపోతున్నా, వేళ్లు తిమ్మిరెక్కినా, నొప్పి తగ్గకపోగా పెరుగుతున్నా మళ్లీ వెళ్లమనండి, అప్పుడు ఎక్స్‌రే అడగడం తప్పేం కాదు. పది రోజులైంది అంటున్నారు కాబట్టి ఈపాటికి నడుస్తూ ఉండాలి, ఈ రోజే ఫోన్ చేసి కనుక్కోండి.

ప్రశ్న: అక్కా, నేను ఒక ప్రైవేట్ ఆసుపత్రి క్యాజువాలిటీలో 8 ఏళ్లుగా చేస్తున్నా. జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా) చేసి తర్వాత పోస్ట్ బేసిక్ బీఎస్సీ పూర్తిచేశా. నైట్‌లో డ్యూటీ డాక్టర్ ఒక్కరే ఉంటారు, పై వార్డులు కూడా ఆయనే చూడాలి. ఫోన్ చేస్తే "సిస్టర్ మీరు స్టార్ట్ చేసేయండి నేను వస్తున్నా" అంటారు, ఒక్కోసారి వచ్చేసరికి గంట. ఈసీజీ తీసేది నేను, చూసి తేడాగా ఉందని చెప్పేది నేను, చిన్న చిన్న కుట్లు కూడా నేనే వేస్తా. అంతా బాగుంటే డాక్టర్ సార్ బాగా చూశారంటారు, తేడా వస్తే నర్స్ ఎందుకు చేసింది అంటారు. మొన్న ఒక కేసులో నాకు మెమో ఇచ్చారు, ఇంటికొచ్చి ఏడ్చాను. ఈ నర్స్ ప్రాక్టీషనర్ కోర్సు ఇక్కడ ఉందా? చేస్తే నేను చేసే పనికి ఒక పేరు వస్తుందా? - ఒక స్టాఫ్ నర్స్, ఎల్బీనగర్

జవాబు: చెల్లీ, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను, రెండోసారి చదువుతుంటే నా పాత నైట్ డ్యూటీలన్నీ కళ్ల ముందు తిరిగాయి. నేనూ ఇదే నగరంలో, పేరు చెప్పను, ఒక ఆసుపత్రిలో ఫోన్లో చెప్పిన మందు ఎక్కించాను, పొద్దున ఆ డాక్టరు "నేను అలా చెప్పలేదు" అన్నారు, కేస్ షీట్‌లో నా రాత తప్ప ఇంకేం లేదు. పేషెంట్‌కి దేవుడి దయ వల్ల ఏం కాలేదు. నాకు మాత్రం ఆ తర్వాత చాలా రోజులు ఫోన్ మోగితే చేతులు వణికేవి.

నువ్వు చేస్తున్న పని బ్రిటన్‌లో నేను చేసిన పనే, తేడా ఎక్కడుందో చెప్తా విను. అక్కడ నన్ను ఆ పని చేయనిచ్చే ముందు చదివించారు, ఒక సీనియర్ డాక్టరు పక్కన నిలబడి ఇన్ని చేతులు ఇన్ని కాళ్లు ఇన్ని కుట్లు నేను చూస్తుండగా చెయ్యి అని లాగ్ బుక్‌లో సంతకాలు పెట్టారు, ఆ తర్వాత నాకు ఏవి చూడొచ్చో ఏవి చూడకూడదో ఒక కాగితం ఇచ్చారు, జీతం పెంచారు, తప్పు చేస్తే నన్ను అడుగుతారని ముందే చెప్పారు. అంటే చదువు, అధికారం, బాధ్యత, డబ్బు నాలుగూ ఒకే రోజు చేతికొచ్చాయి. నీకు ఇక్కడ బాధ్యత ఒక్కటే ఇచ్చారు, మిగతా మూడూ ఇవ్వలేదు, అది నీకు అన్యాయం, అంతకంటే ముఖ్యంగా ఆ మంచం మీద ఉన్న మనిషికి ప్రమాదం. ఈ మాట నేను ఎక్కడైనా అంటాను.

ఇప్పుడు కోర్సు. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ 2016, 17 ఆ ప్రాంతంలో నర్స్ ప్రాక్టీషనర్ ఇన్ క్రిటికల్ కేర్ అని రెండేళ్ల ఎమ్మెస్సీ మొదలుపెట్టింది, రెసిడెన్సీ పద్ధతి, అంటే క్లాసులో కంటే ఐసీయూలో ఎమర్జెన్సీలో గడిపేదే ఎక్కువ. బీఎస్సీ ఉండాలి, పోస్ట్ బేసిక్ అయినా పర్వాలేదు, రిజిస్ట్రేషన్ ఉండాలి, కనీసం ఏడాది పని అనుభవం ఉండాలి, నీకు ఎనిమిదేళ్లు ఉంది. రెండేళ్లు ఉద్యోగం వదులుకోలేను అనుకుంటే ఎమర్జెన్సీ అండ్ డిజాస్టర్ నర్సింగ్‌లో ఏడాది పోస్ట్ బేసిక్ డిప్లొమా ఉంది, అది ప్రాక్టీషనర్ కోర్సు కాదు కానీ నీ చేతికి ఉన్న పనికి ఒక సర్టిఫికెట్ వస్తుంది. ఏ కాలేజీలో చేరినా ముందు కౌన్సిల్ గుర్తింపు ఉందో లేదో చూసుకో, ఫీజు కట్టాక చూసుకునే వాళ్లని ఎంతమందిని చూశానో.

పేరు వస్తుందా అన్నావు, అబద్ధం చెప్పలేను. ఆ కోర్సు చేసొచ్చిన పిల్లలు నాకు తెలుసు, చాలా తెలివైన పిల్లలు, తిరిగొచ్చి పాత స్టాఫ్ నర్స్ పోస్టులోనే పాత జీతానికే చేస్తున్నారు, ఎందుకంటే కోర్సు పెట్టారు గానీ ఆసుపత్రిలో ఆ పోస్టు పెట్టలేదు. మందులు రాసే విషయంలో కూడా మన చట్టంలో షెడ్యూల్ హెచ్ మందు, అంటే చీటీ ఉంటేనే అమ్మాల్సిన మందు, ఏదైనా రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్, అంటే రిజిస్టరైన డాక్టరు రాయాల్సిందే, నర్సు రాయడానికి లేదు. 1947 నాటి నర్సింగ్ కౌన్సిల్ చట్టం బదులు 2023లో పార్లమెంటు కొత్తగా నేషనల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం తెచ్చింది, నేను దాని మీద ఆశ పెట్టుకున్నాను. ఆశ ఊరికే కాదు, మన తెలంగాణలోనే ఒక దారి చూశాం కాబట్టి. 2017లో కరీంనగర్ ప్రభుత్వాసుపత్రిలో హైదరాబాద్ ఫెర్నాండెజ్ ఆసుపత్రి వాళ్లు, యూనిసెఫ్ తోడుగా స్టాఫ్ నర్సులకి 18 నెలల మిడ్‌వైఫరీ ట్రైనింగ్ మొదలైంది, మామూలు కాన్పులు వాళ్లే చేసేలా, ఏ కాన్పు కష్టమవుతుందో ముందే పసిగట్టి డాక్టరుని పిలిచేలా. మరుసటేడు 2018లో కేంద్రం దేశం మొత్తానికి నర్స్ ప్రాక్టీషనర్ ఇన్ మిడ్‌వైఫరీ అని గైడ్‌లైన్స్ ఇచ్చింది. కాన్పు గదిలో అయిన పని క్యాజువాలిటీలో ఎందుకు కాదు చెప్పు.

అప్పటిదాకా రేపు రాత్రి డ్యూటీకి వెళ్తే ఏం చేయాలో చెప్తా, ఇవి పాటించు. ఫోన్లో ఆర్డర్ ఇస్తే నువ్వు తిరిగి చదివి వినిపించు, మందు పేరు, డోసు, ఎలా ఇవ్వాలి మొత్తం, "అవును" అనిపించుకో, పక్కన ఇంకో సిస్టర్ ఉంటే స్పీకర్‌లో వినిపించు, టైముతో సహా ఫోన్ ఆర్డర్ అని రాసి డాక్టర్ పేరు రాయి, ఆయన రాగానే సంతకం పెట్టించు, "తర్వాత పెడతా" అంటే పెన్ను చేతికివ్వు. డాక్టర్‌కి ఎన్ని గంటలకి ఫోన్ చేశావో ఎన్ని గంటలకి వచ్చారో రెండూ రాయి, ఎవరినీ నిందిస్తూ రాయక్కర్లేదు, టైము చాలు. కుట్లు మాత్రం రాతపూర్వకంగా అనుమతి ఇచ్చేదాకా ఆపెయ్, నీ చెయ్యి ఎంత బాగున్నా సరే, కేసు ఎమ్మెల్సీ (పోలీసులకి చెప్పాల్సిన మెడికో లీగల్ కేసు) అయితే రేపు కోర్టులో నిలబడేది నువ్వు.

ఇంకోటి, ఇది ఒక్కదానివే చేయలేవు, మీ ఇన్‌చార్జ్ సిస్టర్‌ని, నర్సింగ్ సూపరింటెండెంట్‌ని కలుపుకో. మెడికల్ సూపరింటెండెంట్ సంతకంతో స్టాండింగ్ ఆర్డర్లు, అంటే డాక్టర్ వచ్చేలోపు మీరు ఏం చేయొచ్చో ముందే రాసిచ్చే కాగితం అడగండి. ఛాతీ నొప్పి అని వస్తే డాక్టర్ కోసం ఆగకుండా 10 నిమిషాల్లో ఈసీజీ, షుగర్ పడిపోయి స్పృహ లేకుండా వస్తే ఎంత డెక్స్‌ట్రోజ్, ఇంజెక్షన్ పడక పెదాలు వాచి ఊపిరి ఆడకపోతే పెద్దవాళ్లకి తొడ కండలో 0.5 మిల్లీగ్రాముల అడ్రినలిన్, ఇలాంటివి ఒక ఆరేడు రాసి గోడకి అంటిస్తే చాలు. వీటిలో నిమిషాలు పోతే మనిషి పోతాడని ఏ డాక్టరైనా ఒప్పుకుంటాడు, ఆ కాగితం ఉన్న రోజు నువ్వు చేసింది తెగింపు అవ్వదు, డ్యూటీ అవుతుంది. మెమోకి జవాబు ఇచ్చావో లేదో రాయలేదు, ఇవ్వకపోతే వెంటనే ఇవ్వు, టైములతో సహా, కోపం లేకుండా ఒక్క పేజీ, కాపీ దగ్గర పెట్టుకో.

ప్రశ్న: నాకు 68 ఏండ్లు. జరం వచ్చి ఒక పెద్దాసుపత్రికి పోయిన, గంటన్నర బెంచి మీద కూసోబెట్టిండ్రు. నా ఎనకాల వచ్చినోన్ని, చూస్తే మంచిగనే ఉన్నడు, నడుసుకుంట వచ్చిండు, ఆ సిస్టరమ్మ ఒక్క నిమిషం మాట్లాడి లోపలికి తోల్కపోయింది. డాక్టర్ చూడకముందే ఎవరు ముందో ఎవరు ఎనకో నర్సమ్మ ఎట్ల చెప్తది? - ముషీరాబాద్

జవాబు: పెద్దయ్యా, జ్వరంతో గంటన్నర బెంచి మీద కూర్చోవడం చిన్న కష్టం కాదు, నీళ్లయినా ఇచ్చారా అని అడగాలనిపించింది నాకు. కానీ ఆ సిస్టర్ చేసిన పనిని ట్రయాజ్ అంటారు, వచ్చిన వరస కాదు, ఎవరి ప్రాణం ముందు పోయేలా ఉందో ఆ వరస. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ అని మన దగ్గర మూడు రంగులు పెట్టుకుంటారు, కొన్ని దేశాల్లో ఐదు మెట్లు ఉంటాయి. నడుచుకుంటూ వచ్చినాయన ఛాతీలో బరువుగా ఉంది, ఎడమ చెయ్యి లాగుతోంది, చెమటలు పోస్తున్నాయి అని ఉండొచ్చు, లేదా పొద్దున్నించి మూతి కొంచెం వంకరపోయింది అని ఉండొచ్చు, పక్షవాతం లక్షణాలు మొదలైన టైము నుంచి నాలుగున్నర గంటల్లోపే రక్తం గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇవ్వాలి, అది దాటితే ఆ చెయ్యి ఆ కాలు మళ్లీ రాకపోవచ్చు. బయటికి మంచిగున్నోడే లోపల ఎరుపు కావచ్చు. నాడి, బీపీ, శ్వాస, ఆక్సిజన్, స్పృహ ఈ ఐదూ చూసి ఒక్క నిమిషంలో తేల్చడం నేర్చుకోవడానికే ఏళ్లు పడుతుంది, ఈ పని చాలా దేశాల్లో అనుభవం ఉన్న నర్సులే చేస్తారు.

అయితే నువ్వు కూడా బెంచి మీద ఊరికే కూసోవద్దు. మళ్లీ ఎప్పుడన్నా ఇట్లా వెయిట్ చేసేటప్పుడు వణుకు ఎక్కువైనా, కళ్లు తిరిగినా, ఆయాసం వచ్చినా, మాట తడబడినా లేచి సిస్టర్ దగ్గరికి పోయి "నాకు ఇందాకటి కంటే ఎక్కువైంది" అను, ఆ ఒక్క మాట చాలు, మళ్లీ చూడాల్సిందే. నీ వయసులో జ్వరంతో బీపీ పడిపోతే ఆకుపచ్చ కాస్తా ఎరుపు అయిపోతుంది.

ప్రశ్న: మేడమ్, నేను ఎంబీబీఎస్ పూర్తిచేసి పీజీకి చదువుతూ ఒక కార్పొరేట్ ఆసుపత్రి ఎమర్జెన్సీలో డ్యూటీ డాక్టర్‌గా చేస్తున్నాను. ఐదున్నరేళ్లు చదివి, నీట్ కోసం జీవితం పణంగా పెట్టిన మా పనిని రెండేళ్ల కోర్సు చేసిన నర్సులకి ఇస్తే మేమెందుకు? ఇది పేషెంట్‌కి సేఫ్ అని మీరు నిజంగా నమ్ముతున్నారా? ఆసుపత్రులు డబ్బు మిగుల్చుకోవడానికి చేసే పని కాదా? - మాదాపూర్

జవాబు: డాక్టర్ గారూ, వయసుకి మీరు నా కొడుకంత ఉంటారు, కానీ ప్రశ్న పెద్దది వేశారు, మర్యాదగా వేశారు. మీ భయంలో ఒక భాగం నిజం, ముందు అదే చెప్తా. అమెరికాలో మాజీ సైనికుల ఆసుపత్రుల ఎమర్జెన్సీల మీద ఇద్దరు ఆర్థికవేత్తలు 2022లో ఒక పెద్ద అధ్యయనం బయటపెట్టారు, అక్కడ ఎన్‌పీలు డాక్టర్ పర్యవేక్షణ లేకుండా చూస్తారు. వాళ్లు చూసిన పేషెంట్లు ఎమర్జెన్సీలో ఉన్న టైము 11 శాతం ఎక్కువ, ఆపగలిగిన అడ్మిషన్లు 20 శాతం ఎక్కువ అని తేలింది, కేసు ఎంత చిక్కుగా ఉంటే తేడా అంత పెద్దది. విడివిడిగా చూస్తే కొందరు ఎన్‌పీలు కొందరు డాక్టర్ల కంటే బాగా చేశారన్నది కూడా అందులోనే ఉంది. ఒక ఎన్‌పీగా నాకు ఈ అంకెలు నచ్చవు, కానీ దాచను.

ఇంకోవైపు చూడండి. ఇంగ్లండ్‌లో షెఫీల్డ్‌లో చిన్న దెబ్బలతో వచ్చిన 1,453 మందిని చీటీ తీసినట్టు రెండు గుంపులు చేసి సగం మందిని నర్స్ ప్రాక్టీషనర్లకి, సగం మందిని జూనియర్ డాక్టర్లకి ఇచ్చారు, తర్వాత ఒక అనుభవం ఉన్న సీనియర్ డాక్టరు మళ్లీ పరీక్ష చేసి ఎవరు ఏం తప్పారో లెక్కపెట్టారు. 1999లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. ముఖ్యమైన తప్పులు నర్సులవి 9.2 శాతం, జూనియర్ డాక్టర్లవి 10.7 శాతం, అంటే ఇంచుమించు సమానం. నేను ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టి చదువుతాను. తెగిన వేలు, బెణికిన కాలు, కాలిన చెయ్యి, వీటిలో నేర్చుకున్న నర్సు మీ అంత బాగా చూస్తుంది, ఆ వరస ఆవిడకి ఇచ్చేస్తే మీరు రెడ్ జోన్‌లో మనిషి పక్కన నిలబడగలుగుతారు. నాలుగు జబ్బులు కలిసిన ముసలాయన ఆయాసంతో వస్తే అక్కడ డాక్టర్ ఉండాలి, ఎన్‌పీ ఉంటే ఆయన పక్కన ఉండాలి, ఆయన బదులు కాదు.

బ్రిటన్‌లో నాకు ఎప్పుడూ గుర్తుండే కేసు ఒకటి చెప్తాను. ఒక పెద్దాయన తోటలో పడి మణికట్టు విరగ్గొట్టుకుని వచ్చాడు, ఎక్స్‌రే తీశా, విరుపు క్లియర్‌గా ఉంది, ప్లాస్టర్ వేసి పంపేస్తే నా పని అయిపోయినట్టే. పడింది ఎలా అని అడిగితే "ఏమో, లేచేసరికి గడ్డి మీద ఉన్నా" అన్నాడు. కాలు జారినోడు జారిన సంగతి చెప్తాడు, ఈయన చెప్పలేకపోతున్నాడు. ఈసీజీ తీశా, గుండె లయ పూర్తిగా తప్పి ఉంది, హార్ట్ బ్లాక్. ఇక అది నా గీత దాటిన కేసు, కన్సల్టెంట్‌ని పిలిచా, అదే రోజు పేస్‌మేకర్‌కి తీసుకెళ్లారు. నాకు ఆ చదువులో నేర్పింది విరిగిన ఎముకని చూడటం ఒక్కటే కాదు, ఎక్కడ ఆగాలో కూడా నేర్పారు. మీరు అడిగిన సేఫ్టీ నాకు తెలిసినంతవరకు ఆ రెండో దాంట్లో ఉంది, అది నర్సుకైనా నైట్‌లో ఒంటరిగా ఉన్న మీకైనా.

డబ్బు మిగుల్చుకోవడం అన్నారు, అవును, అలా చేసే యాజమాన్యాలు ఉంటాయి, ఎమర్జెన్సీ డాక్టర్‌ని తీసేసి ఆ కుర్చీలో తక్కువ జీతానికి నర్సుని కూర్చోబెడితే నేను మీ పక్కనే నిలబడి కాదంటాను. మన దేశంలో ఎమర్జెన్సీ మెడిసిన్‌ని విడిగా ఒక స్పెషాలిటీగా గుర్తించిందే 2009లో, ఇంకా ఆ డాక్టర్లే సరిపడా లేరు. 1989లో పరమానంద కటారా కేసులో సుప్రీంకోర్టు యాక్సిడెంట్ అయినవాళ్లకి పోలీసు కాగితాల కోసం ఆగకుండా ముందు వైద్యం చేయాలని చెప్పింది, మరి ఆ వైద్యం చేసే చేతులు చాలట్లేదు కదా గుమ్మం దగ్గర. ఈ రోజు మీ నైట్ డ్యూటీలో మీరు పైన ఐసీయూకి పరిగెత్తినప్పుడు కింద ఏ సిస్టర్ మీ పని చేస్తోందో మీకు తెలుసు. నేను అడిగేది ఆవిడకి ఆ పని సరిగ్గా నేర్పించి, ఏది చేయొచ్చో రాసి ఇవ్వమని.

ప్రశ్న: ఎమర్జెన్సీలో అందరూ ఒకే రంగు డ్రెస్‌లో ఉంటారు, చూసింది డాక్టరో నర్సో టెక్నీషియనో తెలియదు. అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటం. - మలక్‌పేట

జవాబు: ఏమీ అనుకోరు, అనుకుంటే అది వాళ్ల తప్పు. "మీ పేరేంటండీ, మీరు డాక్టరా సిస్టరా, నన్ను చూసే సీనియర్ ఎవరు" మూడే ముక్కలు. నేను అక్కడ ప్రతి పేషెంట్ దగ్గరా నోరు తెరిస్తే ముందు నా పేరు, నర్స్ ప్రాక్టీషనర్ని అన్న మాట చెప్పి తర్వాతే చెయ్యి పట్టుకునేదాన్ని, డాక్టరమ్మా అని పిలిస్తే కాదని సరిదిద్దేదాన్ని. డిశ్చార్జ్ కాగితం మీద సంతకం కింద పేరు అర్థమయ్యేలా ఉందో లేదో చూసుకునే బయటికి రండి.

ప్రశ్న: మా పాప నిమ్స్ దగ్గర హాస్టల్లో ఉండి బీఎస్సీ నర్సింగ్ మూడో ఏడాది చదువుతోంది. ఎమర్జెన్సీ నర్స్ ప్రాక్టీషనర్ అవుతా, ఫారిన్ వెళ్తా అంటోంది. నేను ఆర్టీసీలో చేస్తాను, మాకు ఎవరూ తెలిసినవాళ్లు లేరు. కన్సల్టెన్సీ వాళ్లు చాలా చెప్తున్నారు, లక్షలు అడుగుతున్నారు. ఏది నమ్మాలి? - ఉప్పల్

జవాబు: అన్నా, ముందుగా ఒకటి, ఇక్కడి నుంచి నేరుగా ఎన్‌పీ ఉద్యోగం ఇప్పిస్తాం అని ఎవరన్నా అంటే ఆ ఆఫీసు మెట్లు దిగి వచ్చేయండి, ఏ దేశంలోనూ అలా లేదు. ముందు ఆ దేశంలో మామూలు రిజిస్టర్డ్ నర్సు అవ్వాలి, తర్వాతే మిగతాది. అమెరికా అయితే ఎన్‌క్లెక్స్ అనే నర్సు లైసెన్స్ పరీక్ష, అది మన హైదరాబాద్ సెంటర్‌లోనే రాయొచ్చు, తర్వాత వీసాకి టైము పడుతుంది, ఒక్కోసారి ఏళ్లు, అక్కడికెళ్లి పనిచేస్తూ మాస్టర్స్, ఎమర్జెన్సీలో చేయాలనుకునేవాళ్లు ఎక్కువగా ముందు ఫ్యామిలీ నర్స్ ప్రాక్టీషనర్ చేస్తారు, ఎందుకంటే ఎమర్జెన్సీకి పసిపిల్లల నుంచి ముసలివాళ్ల దాకా అందరూ వస్తారు. బ్రిటన్ అయితే ఇంగ్లిష్ పరీక్ష ఓఈటీ గానీ ఐఈఎల్‌టీఎస్ గానీ, వాళ్ల కౌన్సిల్ కంప్యూటర్ పరీక్ష, వెళ్లాక ఓస్కీ అని చేతి పరీక్ష, కొన్నేళ్లు ఏ అండ్ ఈ లో, అంటే అక్కడి ఎమర్జెన్సీలో చేశాక మాస్టర్స్ స్థాయి చదువు, మందులు రాయడానికి విడిగా ఒక కోర్సు, 2006 నుంచి అక్కడ ఆ కోర్సు చేసిన నర్సులు దాదాపు అన్ని మందులూ రాయొచ్చు. ఆస్ట్రేలియాలో ఎన్‌పీ అన్న పేరు చట్టప్రకారం ఎవరు పడితే వాళ్లు పెట్టుకోవడానికి లేదు, మాస్టర్స్‌తో పాటు పెద్ద స్థాయి నర్సింగ్ పని 5,000 గంటలు చూపించాలి.

ఇవన్నీ చూస్తే పదేళ్ల దారి అన్నా, చెప్పాలి కాబట్టి చెప్తున్నా. ఖంగారు పడి ఇప్పుడే అప్పు చేయకండి. డిగ్రీ అయ్యాక తెలంగాణ నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ చేయించి, రెండేళ్లు ఇక్కడే రద్దీ ఉండే క్యాజువాలిటీలో చేయనివ్వండి. ఉస్మానియా, గాంధీ లాంటి చోట్ల ఒక్క నైట్‌లో వచ్చే కేసులు నేను బ్రిటన్‌లో వారంలో చూసేవి, యాక్సిడెంట్లు, పురుగుల మందు తాగినవాళ్లు, పాము కాట్లు, నా చెయ్యి ఆడింది ఇక్కడ నేర్చుకున్న పనితోనే, అక్కడివాళ్లు నన్ను అడిగి నేర్చుకున్నారు కూడా. పాపని ఒక నోట్‌బుక్ పెట్టుకోమనండి, ఏ రోజు ఏ కేసు, తను ఏం గమనించింది, డాక్టర్ ఏం తేల్చారు, పేషెంట్ పేరు రాయకుండా. నైట్ డ్యూటీలంటే మీకు ఉండే బెంగ కూడా తెలుసు, హాస్టల్ నుంచి ఆసుపత్రికి రాకపోకలు ఎలాగో చేరే ముందే అడిగి తెలుసుకోండి, బస్సుల టైములు నాకంటే మీకే బాగా తెలుసు.